‘డిందు’ అనవచ్చునా, ‘లీనమగు’ అనాలా?

అనువాదకురాలు:
పెద్దలకు నమస్కారం. అమెరికాలోని టెనెసీ అడవిలో వాకర్ బ్రాంచ్ అనే చిన్న వాగు ఉంది. 1997 వసంతంలో ఆరు వారాల పాటు, నత్రజని-15 అనే బరువైన ఐసోటోపుతో గుర్తుపెట్టిన అమ్మోనియం ద్రావణాన్ని ఆ వాగులోకి సన్నగా వదులుతూ, ఆ గుర్తు రాళ్ల మీది నాచులోకీ, నాచును గీరి తినే నత్తల్లోకీ, పురుగుల్లోకీ ఎంత దూరంలో, ఎప్పుడు చేరుతుందో పరిశోధకులు కొలిచారు. ఆ సంగతిని పిల్లల కోసం తెలుగులో రాస్తూ ఒక్క క్రియ దగ్గర నిలిచిపోయాను. నీటిలోని నత్రజని నాచులోకి పోవడాన్ని ఏమనాలి? పోతన గారి ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో ‘యందు డిందు’ అని ఉన్నట్టు గుర్తు. అది డిందునా, దిందునా? ‘నాచునందు నత్రజని డిందును’ అనవచ్చునా?

విశ్రాంత తెలుగు పండితులు:
అమ్మా, అది డకారమే. ‘యెవ్వనియందు డిందు పరమేశ్వరు డెవ్వడు’ అన్న పాదంలో అది ఆరవ అక్షరం. ఉత్పలమాలకు ప్రాస రెండవ అక్షరం మీద, యతి పదవ అక్షరం మీద ఉంటాయి కనుక ఇక్కడ ఛందస్సు సాక్ష్యం చెప్పదు, పాఠమే ప్రమాణం. అర్థం మాత్రం మీరు అనుకున్నది కాదు. పోతన గారు పుట్టుక, ఉనికి, లయం వరుసగా చెప్పారు, డిందడం లయం. నాచులో చేరిన నత్రజని లయించలేదు గదా. మీకు కావలసిన మాట దానికి ముందు పాదంలోనే ఉంది: ‘లోపల నుండు లీనమై’.

జీవశాస్త్ర అధ్యాపకులు:
పండితుల మాటకు ఒక సవరణ మనవి చేస్తాను. లీనమైనది విడిగా కనబడదు, ఈ ప్రయోగానికి ప్రాణమంతా అది కనబడడంలోనే ఉంది. నత్తను ఏరి తెచ్చి, గుల్ల తీసి, మాంసం ఎండబెట్టి నూరి, ఇంచుమించు ఒక మిల్లీగ్రాము పొడిని గోరంత తగరపు గిన్నెలో మడిచి కాల్చి, వచ్చిన వాయువును, అణువులను బరువును బట్టి వేరు చేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరుకు పంపితే, గాలిలోని నత్రజనిలో నూటికి 0.37 వంతు మాత్రమే ఉండే నత్రజని-15 ఆ మాంసంలో ఎంత పెరిగిందో తేలుతుంది. ఏ గుర్తూ పెట్టని వాగులో కూడా, తిండిలో కంటే తిన్న ప్రాణిలో దాని నిష్పత్తి సగటున వెయ్యికి 3.4 వంతులు ఎక్కువ. కాబట్టి ‘అణగు’ అనే అర్థంలో డిందే నయం. డిగు, దిగు అనే మాటలతో దానికి చుట్టరికం ఉందని నా నమ్మకం. నత్రజని నీటిలోంచి నాచులోకి దిగుతుంది.

పండితులు:
డిగు నుంచి వచ్చేది డించు, డిందు కాదు. మీ మనసులో ‘కరి దిగుచు మకరి సరసికి’ మెదిలిందేమో. అక్కడి మాట తిగుచు, అంటే లాగు. ద్రుతం మీద తకారం సరళమై దకారంగా మారింది. ఏనుగును మొసలి మడుగులోకీ, మొసలిని ఏనుగు ఒడ్డుకీ ఈడుస్తుంటే, ఒకే క్రియను రెండు దిక్కులా నడిపించిన ఆ కందాన్ని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఈనాటికీ చదివితే గొంతు పూడుకుపోతుంది.

అనువాదకురాలు:
గురువుగారూ, నాకు కావలసిన క్రియ అదేనేమో! వాగు నత్రజనిని పల్లానికి లాగుతుంది, నాచు రాతివైపు లాగుతుంది. వాకర్ బ్రాంచ్‌లో అమ్మోనియం సగటున కొన్ని పదుల మీటర్లు పోయేసరికే పట్టుబడింది. నత్త విసర్జించగానే మళ్లీ నీటిపాలై, ఇంకాస్త దిగువన మళ్లీ పట్టుబడుతుంది.

అధ్యాపకులు:
తిగుచు బాగుంది, కానీ డిందును వదలకండి. నీటిలో నత్రజనికి మరో రూపమైన నైట్రేటును వాయువుగా మార్చి గాలిలోకి పంపే బాక్టీరియా ఉన్నాయి. 72 వాగుల్లో కొలిచి 2008లో ప్రచురించిన లెక్కలో, వాగు పట్టుకున్న నైట్రేటులో ఇలా పోయేది నూటికి 16 వంతులని మధ్యగతం తేలింది. ఆ వాగు వరకు అది లయమే.

పండితులు:
అయితే సప్తమికి జవాబు చెప్పండి. ‘ఎవ్వనియందు’ అన్నారు పోతన గారు. డిందేదానికి ఒక చోటు కావాలి. ఆ నైట్రేటు డిందేది గాలియందా, ప్రాణవాయువు అందని అడుగు బురదయందా?