కొత్త వాచీ డయల్‌కు పాతకాలపు రంగు తెప్పించడం ఎలా?

1950ల నాటి వాచీల్లో కనిపించే మీగడ రంగు నా తెల్లటి డయల్‌కు రావాలని, ముందుగా ఒక పాడైన డయల్‌ను చిక్కటి టీ డికాషన్‌లో రాత్రంతా నానబెట్టి చూశాను. వార్నిష్ పూత ఉన్నచోట రంగు అసలు పట్టలేదు గానీ, తేదీ గడి అంచున పూత లేచిన చోట మాత్రం గోధుమరంగు చార పడింది. ఓవెన్‌లో వేడి చేస్తే పూత పసుపెక్కుతుందని అంటారు. అయితే బుడగలు లేవకుండా, అచ్చువేసిన అంకెలు చెదరకుండా ఎంత వేడిని ఎంతసేపు ఇవ్వాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

ముళ్లపై ఉన్న, చీకట్లో వెలిగే సూపర్ లూమినోవా పూతను కూడా డయల్‌కు జోడుగా పాతబరచాలి. (రేడియం పూసిన పాత ముళ్లు తెచ్చి పెట్టే ఆలోచన నాకు లేదు, వాటి వెలుగు ఆరిపోయినా, రేడియోధార్మికత సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది.) లూమినోవాపై పలుచని గోధుమరంగు పూయడం మేలా, లేక పూతనంతా గీకి కొత్తగా వేయడం మేలా?