మునగ పూతకొచ్చే నల్ల పిట్టలు తర్వాత ఎటు పోతాయి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర. మాఘమాసంలో మునగ పూతకి నీలంగా మెరిసే చిన్న నల్ల పిట్టలు తెగ వస్తాయి. వానలు తగ్గాక మందార దగ్గర పసుపు పొట్ట, గొంతు నుంచి కిందికి నల్ల గీత ఉన్నవే కనిపిస్తాయి. నల్లవి వలస పోతాయా? బెంగగా ఉంది.

జవాబు: అవే ఇవండీ! ఊదా తేనెపిట్ట మగవి. పిల్లల కాలం అయ్యాక మెరుపు ఈకలు రాల్చేస్తాయి. ఆ గీతే గుర్తు.

జవాబు: మందార పువ్వు మొదట్లో చూడండి, సన్న చిల్లు ఉంటుంది. ఈ పిట్ట పక్కనుంచి పొడిచి తేనె లాగేస్తుంది, పుప్పొడి అంటదు. మునగ పువ్వు చిన్నది కాబట్టి ముందునుంచే తాగుతుంది.

జవాబు: దయచేసి పూతమీద మందు కొట్టకండి. ఈ పిట్టలు తమ పిల్లలకి పెట్టేది సాలీళ్ళు, పురుగులే. గొంగళిపురుగులు మునగ కాండం మీద గుంపుకట్టినప్పుడు అక్కడే చంపేయొచ్చు.

అడిగినవారు: చిల్లు ఉంది! అమ్మయ్య.