ట్రాక్ కారు ఇక్కడే కట్టించాలా, కట్టిన బండి కొనాలా?

పాలకొల్లు_పిట్‌లేన్:
ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పడానికి ఒక బండి కావాలండి. రేసులు కాదు, ట్రాక్ డేలే, అంటే ఎవరి బండి వాళ్లు పోటీ లేకుండా ట్రాక్ మీద తిప్పుకునే రోజులు. అన్నీ కలిపి బడ్జెట్ 7 లక్షలు. రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, భీమవరంలో 2008 స్విఫ్ట్ పెట్రోలు, 1.3 ఇంజను, లక్షా అరవైకి ఇస్తామంటున్నారు. అది విప్పేసి సీటు, రోల్‌కేజ్ (పల్టీ కొట్టినా మనిషి నలగకుండా లోపల కట్టే పైపుల చట్రం), సస్పెన్షన్ ఇక్కడే చేయించుకోవడం. చెరువుల ఏరేటర్లు, వరికోత మిషన్లు బాగుచేసే షెడ్లకి మన దగ్గర కొదవ లేదు కదా. రెండోది, కోయంబత్తూరులో కట్టేసి ఉన్న ఎస్టీమ్, కేజ్‌తో సహా అయిదున్నర లక్షలు. ఫోటోల్లో శుభ్రంగానే ఉంది. ఏది మేలంటారు? కొనేదైతే ఏం చూడాలి?

క్యాంబర్_కాకినాడ:
కట్టింది కొనండి. డబ్బు మిగులుతుందని కాదు, లెక్క వేస్తే రెండూ దగ్గర దగ్గరే తేలతాయి. స్విఫ్ట్ మీద నా అంచనా ఇది: కేజ్ లక్షా పాతిక, ఎఫ్ఐఏ (ప్రపంచ మోటారు పోటీల సంస్థ) ముద్ర ఉన్న సీటూ ఆరు పట్టీల హార్నెస్సూ, అంటే రేసు సీటు బెల్టూ కలిపి లక్ష, కాయిలోవర్లు (ఎత్తు సవరించుకునే స్ప్రింగు, షాక్ జోడీలు) 80 వేలు, బ్రేకు ప్యాడ్లు, ఫ్లూయిడ్, స్టీలు అల్లిక హోసులు 35 వేలు, చక్రాలూ టైర్లూ రెండో సెట్టు 70 వేలు, క్లచ్, మౌంట్లు, గ్యాస్కెట్లు 60 వేలు. బండి ధర కలిపితే ఆరు లక్షల ముప్పై వేలు. హెల్మెట్, సూటు, లారీ కిరాయి ఇంకా లెక్కలోకి రాలేదు.

అసలు తేడా దూరంలో ఉంది. కొత్తగా కట్టిన ఏ బండైనా మొదటి మూడు నాలుగు ట్రాక్ డేలూ తప్పులు బయటపెడుతూనే ఉంటుంది. ఒకసారి వీల్ బేరింగు అరుస్తుంది, ఇంకోసారి హోసు టైరుకి రాసుకుంటుంది, మరోసారి పొడవాటి మలుపులో ఆయిలు పంపుకి అందక ప్రెషరు లైటు మిణుకుమంటుంది. ఇవేవీ కాలవ గట్టు మీద నడిపితే తెలియవు. చెన్నైవాళ్లు వచ్చే వారానికి సరిచేసుకుని మళ్లీ వెళ్తారు. మీకు పాలకొల్లు నుంచి అయిదారు వందల కిలోమీటర్లు, మళ్లీ అవకాశం మూడు నెలలకి. ఏడాదంతా బాగుచేతలోనే పోతుంది. కట్టిన బండికి డబ్బిచ్చి కొనేది ఆ సరిచేసిన కాలాన్నే.

బండిగా కూడా ఎస్టీమ్ చెడ్డది కాదు. సుమారు 875 కిలోలు, స్విఫ్ట్ వెయ్యి దాటుతుంది. రెండింట్లోనూ జి13బిబి ఇంజనే. జిప్సీ కింగ్‌లో, వెర్సాలో కూడా అదే కాబట్టి ఇంజను సామాన్లకి కంగారు లేదు. ఎస్టీమ్ 2007లో ఆగిపోయింది, ఇబ్బంది వచ్చేది బాడీ, అద్దాలు, డోరు రబ్బర్లతో.

చూడవలసినవి. ఇంజను వేడి మీద కంప్రెషన్ కొలవాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్లోకి గాలి ఎక్కించి చూడడం) కూడా పెట్టించండి, గాలి ఎటు పోతుందో అది చెబుతుంది. సంపులో, అంటే ఇంజను కింది ఆయిలు తొట్టిలో, బాఫిల్ (మలుపుల్లో ఆయిలు పక్కకి పోకుండా ఆపే రేకు) వేశారా అడగండి. వేశామంటే విప్పి తీసిన ఫోటో చూపించమనండి. హార్నెస్ లేబులు మీద ఆఖరి సంవత్సరం అచ్చేసి ఉంటుంది, ఎఫ్ఐఏ లెక్కలో దాని ఆయుష్షు 5 ఏళ్లు. సీటుకీ తేదీ ఉంటుంది. రెండూ దాటిపోతే ధరలోంచి లక్ష తగ్గించమనండి, మొహమాటపడొద్దు. స్ప్రింగులు ఎంత గట్టివి, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) ఎంత, ఏ ప్యాడ్లు, ఏ టైరులో ఎంత గాలి, ఇవన్నీ రాసిపెట్టిన కాగితం లేని ట్రాక్ బండి అంటే ఎవరూ సరిగా కుదర్చని బండి అని అర్థం. వీలైతే అక్కడే కరి మోటార్ స్పీడ్‌వేలో ఒక ట్రాక్ డేకి తెమ్మనండి. ఇరవై నిమిషాలు ఆగకుండా తిప్పాక నీళ్ల టెంపరేచరు ఎక్కడ నిలిచిందో, బ్రేకు పెడలు మెత్తబడిందో లేదో చూడండి. అందుకు ఒప్పుకోని బండి మీకు వద్దు.

లేతు_తణుకు:
క్యాంబర్ గారి మాట సగమే ఒప్పుకుంటానండి. సస్పెన్షన్, బ్రేకులు, విప్పడం ఇవన్నీ ఇక్కడ చక్కగా అవుతాయి. కేజ్ ఒక్కటే వేరే పని, అది ఇక్కడ ఎందుకు చెడుతుందో చెప్తాను.

ఏరేటరు ఫ్రేములకి వాడేది ఈఆర్‌డబ్ల్యూ పైపు. రేకు చుట్టి నిలువునా అతికింది. దెబ్బ తగిలితే ఆ అతుకు దగ్గరే విచ్చుకోవచ్చు. కేజ్‌కి కావలసింది సీడీఎస్, అంటే అతుకు లేకుండా లాగిన పైపు. ఎఫ్ఐఏ నియమం ప్రకారం వెనక ప్రధాన వంపుకి 45 మిల్లీమీటర్ల వ్యాసం 2.5 మందం, లేదా 50కి 2.0. మిగతా పైపులకి 38కి 2.5, లేదా 40కి 2.0. రెండోది వంపు. ప్లంబింగ్ పైపులు వంచే హైడ్రాలిక్ బెండరు మీద వంచితే మలుపు దగ్గర పైపు చప్పబడుతుంది. పైపు లోపల కడ్డీ పెట్టి వంచే మాండ్రెల్ బెండరు కావాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడింతలకి తగ్గకూడదు. మూడోది పాదాలు. పైపు తిన్నగా ఫ్లోరు రేకు మీద వెల్డు చేస్తే పల్టీ కొట్టినప్పుడు రేకును చించుకుని కిందకి దిగిపోతుంది. ఒక్కో పాదం కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు పడాలి.

ఇక వెల్డింగు. పైపు చుట్టూ పూర్తిగా పడాలి, కానీ రూఫుకి ఆనుకున్న వైపు వెల్డింగు టార్చి దూరదు. తెలిసినవాళ్లు పాదాలు దిగే చోట ఫ్లోరులో కన్నాలు కోసి, కేజ్‌ని కిందకి జార్చి, పైవైపు వెల్డు పూర్తిచేసి, మళ్లీ పైకెత్తి అప్పుడు ప్లేట్లు అతుకుతారు. తెలియనివాళ్లు కనపడే మూడు వైపులా వేసి రంగు కొట్టేస్తారు. మీరు చూడబోయే ఎస్టీమ్‌లో రూఫుకీ పైపుకీ మధ్య చిన్న అద్దం పెట్టి చూడండి, లేదా ఫోను కెమెరా దూర్చండి. పైపు మందానికి అల్ట్రాసోనిక్ గేజ్ దొరికితే సరే, లేకపోతే బరువు పడని చోట 5 మిల్లీమీటర్ల కన్నం వేసి కొలవనిస్తారేమో అడగండి.

విప్పుడులో ఇంకో చిక్కు. ఫ్లోరు మీది తారు షీట్లు డ్రై ఐస్ పోస్తే పెళుసెక్కి ఊడతాయని వీడియోల్లో చూపిస్తారు. మన చేపల ఐస్ ఫ్యాక్టరీల్లో ఉండేది మామూలు ఐసే, దాంతో ఏమీ అవదు. హీట్ గన్, ఉలి పెట్టి రెండు రోజులు గీకడమే. పోయేది కొద్ది కిలోలే కాబట్టి కేజ్ పాదాలు పడే చోట మాత్రం గీకి మిగతాది వదిలేసినా నష్టం లేదు.

ఉప్పుగాలి_నరసాపురం:
భీమవరం స్విఫ్ట్ గురించి ఎవరూ అడగలేదేంటి? అది నీళ్లలో మునిగిన బండి కాదని ముందు తేల్చుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో తెలిసిందే. అలాంటివి కడిగి, సీట్లు మార్చి అమ్మేస్తారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, రీలు లోపలి భాగం మీద మట్టి చార ఉంటే అదే సాక్ష్యం. స్టెప్నీ గుంత, డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్ల మూలలు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) కనెక్టరు పిన్నులు చూడండి. పిన్నుల మీద పచ్చ చిలుము కనిపిస్తే ఎంత చవకైనా వదిలెయ్యండి. ట్రాక్ మీద వేడికీ వణుకుకీ ఆ వైరింగే మొదట చస్తుంది, ఎక్కడ తెగిందో ఒక పట్టాన దొరకదు.

ఏ బండి తెచ్చినా మన తేమ సంగతి మరవద్దు. డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర. నీరు పీల్చుకున్నాక ప్రమాణం 155 డిగ్రీలే. ఇరుంగట్టుకోట్టైలో గట్టిగా తొక్కే బ్రేకుకి 155 ఏ మూలకీ చాలదు, ఫ్లూయిడ్ మరిగి పెడలు నేలకి తగులుతుంది. సీలున్న డబ్బా ప్రతి ట్రాక్ డేకి ముందు కొత్తగా పోయించండి. సగం వాడిన డబ్బా మూతపెట్టి దాచుకునే అలవాటు మన ఊళ్లలో అస్సలు పనికిరాదు. షెడ్డులో నిలిపేటప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమట పడుతుంది. గుడ్డ కవరు వేసి స్టాండ్ల మీద ఎత్తండి. గీకిన రేకు మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమరు పడాలి. ఒట్టి రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేస్తే తేమ ఆగదు.

పాలకొల్లు_పిట్‌లేన్:
సరేనండి, కోయంబత్తూరు వెళ్లి చూస్తాను. ఒక్క సందేహం. ఎస్టీమ్‌కి ఆర్‌సీ ఇంకా బతికే ఉందట. చెన్నైకి రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లొచ్చా?

క్యాంబర్_కాకినాడ:
వద్దు. బండి నిర్మాణం మార్చితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ఆపినవాళ్లకి కేజ్ కంటికి కనపడుతుంది. ఇన్సూరెన్సు ఎలాగూ రేసులకీ స్పీడు పరీక్షలకీ వర్తించదు. అన్నిటికన్నా ముఖ్యం, హెల్మెట్ లేకుండా కేజ్ ఉన్న కారులో కూర్చుంటే చిన్న గుద్దుకే తల ఇనప పైపుకి కొట్టుకుంటుంది. ఆర్‌సీ సంగతి కొనే ముందే తేల్చండి: రద్దు చేయించి ఇస్తారా, మీ పేరు మీదకి మారుస్తారా? కాగితాలు లేకుండా తెచ్చుకుంటే పాత యజమాని పేరు మీదే ఉండిపోతుంది.

లేతు_తణుకు:
14 అడుగుల ఐషర్ మాట్లాడుకోండి. ఎస్టీమ్ పొడవు 4.1 మీటర్లు, లారీ బాడీ 4.27, సరిగ్గా సరిపోతుంది. 407 చాలదు. ఎక్కించడానికి ర్యాంపులు వెతుక్కోనక్కర్లేదు, రైసుమిల్లులో బస్తాలెత్తే ప్లాట్‌ఫారం లారీ ఎత్తుకే ఉంటుంది. మధ్యలో రెండు చెక్కలు వేసుకుని తోసెయ్యడమే. రాచెట్ పట్టీలు చక్రాల మీదుగా వెయ్యండి, సస్పెన్షన్ ఆర్ములకి కట్టొద్దు, గతుకుల్లో లాగి అలైన్‌మెంట్ పోతుంది. తిరుగు ప్రయాణంలో బ్రేకులు వేడిగా ఉండగా హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో పెట్టి చక్రాలకి దిమ్మలు వేయించండి. వెళ్లేటప్పుడు తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కాక ఒకసారి ఆపి పట్టీలు మళ్లీ బిగించండి. మొదటి గంటలోనే వదులవుతాయి.