ఐటీఐ మోటార్ మెకానిక్ పిల్లలకు జీతంతో ట్రైనింగ్ ఎక్కడ?

మిర్యాలగూడ తండ్రి:
అన్నలూ, నేను బియ్యం మిల్లులకు లారీ నడుపుతాను. మా వాడు నల్లగొండలో ఐటీఐ మోటార్ మెకానిక్ రెండో సంవత్సరం. సెలవుల్లో హైవే పక్కన ఒక షెడ్డులో పెట్టాను. రెండు నెలలు పానాలు అందించడం, డ్రమ్ములు కడగడమే పని. ఇచ్చింది టీ, టిఫిన్ డబ్బులు. ఇప్పుడు "ఈ లైన్ వద్దు నాన్నా, డిగ్రీలో చేరతా" అంటున్నాడు. వాడికి బండి అంటే ప్రాణం. మొన్న నా పాత లారీ తడబడుతుంటే, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. మూడోది వదిలినా చప్పుడు మారలేదు. "ఈ సిలిండరే పనిచేయట్లేదు నాన్నా" అన్నాడు. అలాంటోడు వదిలేస్తానంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మహబూబ్‌నగర్ సర్వీస్ సూపర్‌వైజర్:
అన్నా, అబ్బాయిని మాన్పించకండి. షెడ్డు పని వేరు, కంపెనీలో కాంట్రాక్టు మీద స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ వేరు. పరీక్ష పాసవగానే కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. కంపెనీతో కాంట్రాక్టు అందులోనే ఎక్కాలి. 2019 నిబంధనల ప్రకారమే ఐటీఐ వాళ్లకు నెలకు కనీసం 7000 స్టైపెండ్. అందులో నాలుగో వంతు, 1500 దాటకుండా, కేంద్రం భరిస్తుంది. చివర్లో పెట్టే ట్రేడ్ టెస్టు పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. "కాంట్రాక్టు తర్వాత చూద్దాం, ముందు పనిలోకి రా" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పంపొద్దు. నేను అలాగే ఏడాది పోగొట్టుకున్నాను.

ఆర్టీసీ డిపో మెకానిక్:
మా డిపోల్లోనూ అప్రెంటిస్‌లను తీసుకుంటారు. డిపోలో బస్సుల రిపేరు పనులు చేసే శ్రామిక్ పోస్టులకు ఐటీఐ కావాలి, నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. డీజిల్ ఒక్కటే నమ్ముకోవద్దని మీ వాడికి చెప్పండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టారు. వైరింగ్, కరెంటు కొలిచే మల్టీమీటర్ ఇప్పుడే చేతికి అలవాటు కావాలి.

మిర్యాలగూడ తండ్రి:
ఆదివారం ఇంటికొస్తాడు, ఇవన్నీ వాడితోనే చదివిస్తా. చేరే ముందు అక్కడ ఏం అడగమంటారు?

మహబూబ్‌నగర్ సూపర్‌వైజర్:
రెండే అడగమనండి. స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో వేస్తారా? బండిలో లోపం ఎక్కడుందో చూపే స్కానర్ ఎన్నో నెల నుంచి చేతికిస్తారు? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో సెంటర్ చూడండి. మా దగ్గర ఖాళీ ఉందేమో సోమవారం కనుక్కొని ఇక్కడే రాస్తాను.