లాడాలు కొట్టించేటప్పుడు గుర్రం మూతికి తాడు మెలిపెట్టొచ్చా?

మొయినాబాద్ వైపు నుంచి:
మా ఆడగుర్రానికి తొమ్మిదేళ్లు. ముందుకాళ్లు బుద్ధిగా ఇస్తుంది. వెనక్కాళ్ల దగ్గరికి వచ్చేసరికి గుంజుకుంటుంది, పక్కకు జరిగిపోతుంది. మొన్న లాడాలు కొట్టే నాల్‌బంద్ భాయ్‌ని తన్నబోయింది. "వచ్చేసారి పై పెదవికి తాడు మెలిపెట్టి పట్టుకోండి, లేదా డాక్టర్‌తో మత్తు ఇంజెక్షన్ ఇప్పించండి. రెండూ కుదరకపోతే నన్ను పిలవకండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. కానీ తాడు వేయడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

బరాత్ గుర్రాలవాడు:
వేయండి. నా దగ్గర నాలుగు గుర్రాలున్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో తారురోడ్ల మీద తిరిగి లాడాలు అరిగిపోతాయి. సాయంత్రం బరాత్ ఉంటే పొద్దున్నే లాడం పడాల్సిందే. అప్పుడు బుజ్జగిస్తూ కూర్చుంటే నా పూట గడవదు. మా ఊళ్లో ఎడ్లకైతే కాళ్లు కట్టి, పడేసి కొట్టేవాళ్లు. దాని ముందు కాసేపు తాడు ఎంత?

పాత సయీసు:
ఎడ్లతో పోల్చకండి అన్నా. గుర్రం పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జంతువు. దాని కాలు ఒకరి చేతిలో ఉందంటే పారిపోయే దారి మూసుకుపోయినట్టే. అది మనల్ని నమ్మితేనే కాలు ఇస్తుంది.

గుర్రాలను చూసుకునే సయీసుగా తాడు నేనూ వేశాను, దాచను. పై పెదవి మెలిపెడితే మొదటి ఐదు నిమిషాలు గుర్రం నెమ్మదిస్తుంది. అప్పుడు ఒంట్లో నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు పెరుగుతాయని 1984లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. కానీ ఆ ఐదు నిమిషాలు దాటితే ఆ నెమ్మది నిలవదు. నాలుగు కాళ్లకు లాడాలు మార్చాలంటే గంట పైనే పడుతుంది కదా! గాయానికి కుట్టు వేయించేటప్పుడో, మరీ తప్పనప్పుడో వాడండి, ప్రతి నెలా వద్దు. చెవి మాత్రం ఎప్పుడూ మెలిపెట్టకండి. అది వట్టి నొప్పి, వట్టి భయం. ఆ తర్వాత కళ్లెం వేయడానికి కూడా తల దగ్గరికి రానివ్వదు.

అలవాటు చేయడం కష్టమేం కాదు, రోజూ చేయాలంతే. మెడ దగ్గర చెయ్యి పెట్టి వీపు, తొడ మీదుగా కిందికి నిమురుతూ రండి. కాలు ఎత్తాక, అది గుంజకముందే మీరే కింద పెట్టండి. మొదటి రోజు రెండు సెకన్లు చాలు. గుంజినప్పుడు వదిలేశారా, గుంజితే వదులుతారని నేర్చుకుంటుంది. మీ గుర్రానికి ఈపాటికి ఆ పాఠం వచ్చేసి ఉంటుంది. కాలు పక్కకు లాగకుండా, పొట్ట కిందే, తక్కువ ఎత్తులో పట్టుకోండి. నిలకడ వచ్చాక గిట్ట మీద అరచేత్తో తట్టండి, కొన్నాళ్లకు చిన్న సుత్తితో. ఆ అదురు మొదటిసారి నాల్‌బంద్ చేతిలోనే తగిలితే అది బెదరదా మరి?

ఇంకోటి. తల పట్టుకున్న మనిషి నాల్‌బంద్ ఉన్న వైపే నిలబడాలి. గుర్రం బెదిరినప్పుడు తలను తనవైపు తిప్పుకుంటే, దాని వెనక భాగం ఆయనకు దూరంగా జరుగుతుంది. అవతలి వైపు నిలబడి తిప్పితే నేరుగా ఆయన మీదికే వస్తుంది. చాలామంది ఫోన్ చూసుకుంటూ ఎటో నిలబడతారు, నాకు ఒళ్లు మండుతుంది.

నాల్‌బంద్ కొడుకుని:
మా నాన్న మణికట్టు ఇలాగే విరిగింది. ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. యజమాని ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. మేం నెలకో, నెలన్నరకో ఒకసారి వస్తాం. మధ్యలో ఉన్న రోజులన్నీ మీవే. కాలు ఇవ్వడం నేర్పాల్సింది మీరు. తాడు కంటే డాక్టర్ ఇచ్చే మత్తే నయమని నా అభిప్రాయం. అయితే మత్తులో ఉన్న గుర్రం కూడా ఉన్నట్టుండి తన్నగలదు, నిద్రపోయిందనుకుని వెనక్కి వెళ్లొద్దు.

బరాత్ గుర్రాలవాడు:
సీజన్‌లో నాకు తాడు తప్పదు, ఆ మాట మార్చుకోను. కానీ ఆషాఢంలో, మూఢంలో గుర్రాలు ఖాళీగానే ఉంటాయి. అప్పుడు నేర్పించొచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను.

పాత సయీసు:
మొయినాబాద్ అన్నా, ఒకటి అడగడం మర్చిపోయాను. వెనక్కాళ్లు రెండూ ఇవ్వదా, ఒక్కటేనా? ఒక కాలు ఎత్తితే ఒంటి బరువు మిగతా మూడింటి మీద పడుతుంది. ఎడమది ఎత్తనివ్వకపోతే నొప్పి కుడిదాంట్లో ఉండొచ్చు. నొప్పి ఉన్న గుర్రానికి తాడు వేస్తే పాపం.

మొయినాబాద్ వైపు నుంచి:
ఇప్పుడే వెళ్లి చూశాను. కుడికాలు ఇచ్చింది, కాసేపు నిలబడింది కూడా. ఎడమది ఎత్తగానే లాక్కుంది, మూడుసార్లూ అంతే. ఇన్నాళ్లూ పొగరనుకుని అరిచాను. గురువారం డాక్టర్ వస్తున్నారు, కుడికాలి కీళ్లు చూడమని చెప్తాను. అప్పటిదాకా లాడాలు ఆపేస్తున్నాను. నాల్‌బంద్ భాయ్‌కీ ఫోన్ చేసి విషయం చెప్పాను.