ఆరేళ్ళ పిల్లలకు ఋతువులు: నూంగార్ ఆరు కాలాలా, భూమి వాలా?

పెర్త్_అమ్మ:
మా పాప ఒకటో తరగతి. ఈ టర్మ్‌లో ఇక్కడి, అంటే ఆస్ట్రేలియా నైరుతి మూల ఉండే నూంగార్ ఆదివాసుల ఆరు కాలాలు చెబుతున్నారు: బిరాక్, బునురు, జెరన్, మకురు, జిల్బా, కంబరాంగ్. పాపకు తెగ నచ్చాయి. మావారేమో "సైన్స్ పీరియడ్‌లో సంప్రదాయాలేమిటి, భూమి ఎలా తిరుగుతుందో చెప్పాలిగానీ" అంటున్నారు. మీరేమంటారు?

భౌతికశాస్త్రం:
నేను మీవారి పక్షమే. ఋతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. అది ముందే చెప్పకపోతే, సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అని పిల్లలు ఖాయం చేసుకుంటారు. ఆస్ట్రేలియాలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జనవరి మొదట్లోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే అక్కడ ఎండలు మండుతాయి. తప్పు ఆలోచనకు రుజువు దొరికినట్టే! సంప్రదాయాలను సోషల్ పీరియడ్‌లో చెప్పండి.

చిన్నబడి_టీచర్:
సార్, జనవరి మాట అక్షరాలా నిజం. కానీ ఆరేళ్ళ బిడ్డ అక్షం వాలును బట్టీ పట్టడం తప్ప ఏం చేస్తుంది? భూమిని బయట నిలబడి చూస్తున్నట్టు ఊహించుకునే వయసు కాదది. ఆస్ట్రేలియా జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఒకటో తరగతిలో రోజువారీ మార్పులు, ఋతువుల మార్పులు గమనించి చెప్పమంటుంది. సూర్యుడు, భూమి స్థానాలతో కారణం వివరించడం ఏడో తరగతిలో.

నూంగార్ కాలాలు నేర్పేది ఆ గమనింపునే. జెరన్‌లో రాత్రుళ్ళు చల్లబడి పొద్దున్నే మంచు పడుతుంది, రెక్కల చీమలు లేస్తాయి. మకురు చలీ వానల కాలం. కంబరాంగ్‌లో అడవిపూలు విరగబూస్తాయి, పాములు ఎండకు బయటికొస్తాయి, మాగ్‌పై పక్షులు పిల్లల్ని కాపాడుకోవడానికి మనుషుల మీదికి దూసుకొస్తాయి. వేల ఏళ్ళు ఒకే నేలను కనిపెట్టి చూసినవాళ్ళ పరిశీలన ఇది. సోషల్‌కు నెట్టేస్తే పిల్లలకు అది కట్టుకథగానే మిగులుతుంది. అసలు డిసెంబరు 1న వేసవి మొదలవుతుందనే నాలుగు ఋతువుల పట్టిక మాత్రం భౌతికశాస్త్రమా? యూరప్ నుంచి వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న అలవాటు. దాన్ని సైన్స్ పీరియడ్‌లో చెబితే ఎవరూ అడగరు.

భౌతికశాస్త్రం:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. అలాగని కారణం ఊసెత్తకుండా ఏడో తరగతి దాకా ఆగమంటారా?

చిన్నబడి_టీచర్:
ఆగక్కర్లేదండి. బడి ఆవరణలో కర్ర పాతి, నెలకోసారి మధ్యాహ్నం నీడ కొసను గుర్తు పెట్టించండి. ఎండాకాలమైన బిరాక్‌లో పొట్టి నీడ, మకురులో పొడుగు నీడ. పక్కనే ఆ రోజు పూసిన చెట్టు బొమ్మ గీయించండి. టార్చిలైటు నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేసి, వెలుగు ఎంత పరుచుకుని పలచబడిందో చూపండి. అక్షం అనే మాట రాకుండానే కారణం సగం అందుతుంది.

పెర్త్_అమ్మ:
నీడ సంగతి బాగుంది, టీచర్‌గారితో మాట్లాడతాను. క్లాసులో చార్టు కూడా ఉంది, ఒక్కో కాలానికి రెండేసి నెలలు వేసి.

నేల_భాష:
నా అభ్యంతరం అక్కడే. ఆ నెలలు సుమారు లెక్క. కాలం మారిందని చెప్పేది పువ్వు, గాలి, పక్షి. పైగా ఈ కాలాలు ఆస్ట్రేలియా నైరుతి మూలవి. ఉత్తరాన కాకడు ప్రాంతంలోనూ ఆరే, కానీ పేర్లు వేరు, గుర్తులు వేరు, అక్కడ డిసెంబరులో కుండపోత వానలు. ఏ నేల కాలాలు ఆ నేల మనుషుల నోట వినాలి. బడివాళ్ళు నూంగార్ పెద్దలను పిలిపించి, వాళ్ళ సమయానికి తగిన డబ్బు ఇచ్చి చెప్పించాలి. ఈలోగా చార్టులో నెలల పేర్ల మీద కాగితం అంటించమనండి. ఇప్పుడు ఏ కాలమో పిల్లలే బయటికెళ్ళి చూసొచ్చి చెబుతారు.