డ్రెయర్ 'జోన్ ఆఫ్ ఆర్క్' 81 నిమిషాలదా, 97 నిమిషాలదా?

రీలుపురుగు:
మా ఫిల్మ్ క్లబ్బులో కార్ల్ థియోడర్ డ్రెయర్ సినిమాలు మూడు వారాలు వరసగా వేద్దామనుకుంటున్నాం. 1928 నాటి 'ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' ఒకచోట 81 నిమిషాలు, ఇంకోచోట 97 నిమిషాలు అని కనిపిస్తోంది. చిన్నదాంట్లో సీన్లు కోసేశారా? ఇంకో సందేహం. 1919 నుంచి 1964 దాకా, అంటే 45 ఏళ్లలో పెద్ద సినిమాలు 14 మాత్రమే. అంత పేరున్న మనిషికి ఎందుకిలా? ఏ మూడు వేస్తే బాగుంటుందో కూడా చెప్పండి.

ప్రొజెక్షన్‌గది:
కోతేమీ లేదండి, తేడా అంతా వేగంలోనే. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 81 నిమిషాలు వచ్చే రీలుని 20 ఫ్రేముల లెక్కన తిప్పితే 97 నిమిషాలు వస్తుంది. 81ని 24తో గుణించి 20తో భాగించి చూడండి. మూకీలకు ఒకే వేగం అనే నియమం లేదు కాబట్టి ఏది సరైనదన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నా ఓటు 20కే. 24లో జోన్‌ని విచారించే జడ్జీల పెదాలు, తల ఊపడాలు కాస్త హడావుడిగా అనిపిస్తాయి. క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ 2018లో తెచ్చిన బ్లూరేలో రెండు వేగాలూ ఉన్నాయి.

ఒక చిక్కుంది. డిస్కు నడిచేది 24 మీద. అందుకని 20 ఫ్రేముల వెర్షన్లో ప్రతి 5 ఫ్రేములకు ఒకటి రెండోసారి వస్తుంది. కెమెరా పక్కకి జరిగేచోట చిన్న తడబాటు కనబడుతుంది. డిస్కు పాడైందనుకోకండి. టీవీలోనో ప్రొజెక్టర్లోనో మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చూపించే సెట్టింగు) ఉంటే ముందే ఆపేయండి. లేదంటే ఆ తడబాటును సర్దబోయి మొహాల అంచులు అలుక్కుపోతాయి. ఈ సినిమా అంతా మొహాలే కదా.

1952లో లో డ్యూకా అనే ఆయన బాఖ్, వివాల్డి సంగీతం అతికించి విడుదల చేసిన వెర్షన్ దొరికితే మాత్రం వెయ్యకండి. సౌండ్ ట్రాక్ కోసం ఫ్రేము ఎడమ అంచు పోయింది. డ్రెయర్ జాగ్రత్తగా పక్కకి నెట్టి పెట్టిన మొహాలు అక్కడ సగం తెగిపోతాయి. ఆ వెర్షన్ని ఆయనే ఒప్పుకోలేదు.

నైట్రేట్:
పై సమాధానానికి ఒక జోడింపు: ఏ నెగెటివ్ నుంచి వచ్చిందన్నది కూడా చూడాలి. సినిమా 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హేగన్లో మొదట ఆడింది. పారిస్ విడుదలకి ముందు చర్చి పెద్దలూ సెన్సారు కలిసి కోతలు పెట్టారు. అదే డిసెంబర్లో బెర్లిన్లోని ఊఫా ల్యాబులో అసలు నెగెటివ్ కాలిపోయింది. మిగిలిన టేకులు ఏరుకుని డ్రెయర్ మళ్లీ ఓ నెగెటివ్ కూర్చాడు. లో డ్యూకా వాడింది దాని కాపీనే. అంటే ఏళ్ల తరబడి లోకం చూసింది రెండో రకం టేకులు. 1981లో ఓస్లో దగ్గరి డికెమార్క్ మానసిక వైద్యశాలలో డేనిష్ టైటిల్స్‌తో మొదటి వెర్షన్ ప్రింటు బయటపడింది. ఇప్పుడు డిస్కుల్లో వచ్చేది దాన్నుంచే. టైటిల్ కార్డులు డేనిష్‌లో ఉంటే సరైనదే వేస్తున్నారని గుర్తు.

ఇక 14 సినిమాల సంగతి. సోమరితనం కాదు, డబ్బూ కోర్టులూ. 1889లో కోపెన్‌హేగన్లో పుట్టాడు. తల్లి స్వీడన్ నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసిన మనిషి. దత్తత తీసుకున్న టైపోగ్రాఫర్ పేరే ఈయన పేరు. విలేకరిగా చేసి, నోర్డిస్క్ కంపెనీలో టైటిల్ కార్డులూ స్క్రిప్టులూ రాసి, 1919లో మొదటి సినిమా తీశాడు. 1926 లోపే ఎనిమిది అయిపోయాయి! డెన్మార్క్, నార్వే, జర్మనీ, ఎక్కడ డబ్బు దొరికితే అక్కడ. బ్రేకు పడింది ఆ తర్వాతే. 'జోన్' కోసం కోట సెట్టును కాంక్రీటుతో కట్టించాడు. గోడలకి గులాబీ రంగు వేయించాడు, తెల్లటి ఆకాశం ముందు బూడిద రంగులో పడాలని. కెమెరా కింద నుంచి చూడాలని నేలంతా గుంతలు తవ్వించాడు. చిల్లుల జున్ను 'గ్రుయేర్' పేరుతో ఆయన్ని పిలిచేవాళ్లట. డబ్బు తిరిగి రాలేదు. నిర్మాతలు రెండో సినిమా ఒప్పందం తప్పారు, కోర్టుకెళ్లి 1931లో గెలిచాడు. 1932లో 'వాంపిర్'కి పెట్టుబడి పెట్టింది ఒక బ్యారన్, హీరో కూడా ఆయనే! అదీ పోయింది. తర్వాత 11 ఏళ్లు పెద్ద సినిమా లేదు, మళ్లీ పత్రికల్లో కోర్టు వార్తలు రాసుకున్నాడు. 1943లో జర్మన్ల ఆక్రమణ నడుస్తుండగానే 'డే ఆఫ్ రాత్' తీసి, స్వీడన్ వెళ్లిపోయాడు. అక్కడ తీసిన 'టూ పీపుల్' తనది కాదన్నాడు. 1952లో డాగ్‌మార్ థియేటర్ నడుపుకునే లైసెన్స్ ఇచ్చారు, ఇల్లు గడిచింది దాంతోనే. క్రీస్తు మీద సినిమా ఒకటి జీవితమంతా మోశాడు. 1967లో డెన్మార్క్ ప్రభుత్వం 30 లక్షల క్రోనర్లు ఇస్తానంది. 1968 మార్చిలో పోయాడు.

రీలుపురుగు:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్ అండి. 'జోన్' ఖాయం. మిగతా రెండూ? 'వాంపిర్' పేరు చూసి కుర్రాళ్లు ఎగబడుతున్నారు.

లాంగ్‌టేక్:
'వాంపిర్' మొదటి వారం వద్దండి. దయ్యాల సినిమా అనుకుని వచ్చినవాళ్లు పావుగంటకే ఫోన్లు తీస్తారు. దృశ్యాలు పొగమంచులో ఉన్నట్టుంటాయి, కావాలనే అలా తీశారు. అసలు నెగెటివ్ దొరకలేదు, జర్మన్, ఫ్రెంచ్ ప్రింట్లు కలిపి బాగుచేసిందే ఉంది. కాబట్టి ప్రొజెక్టర్ కాంట్రాస్టు పెంచకండి, ఆ బూడిద రంగే సినిమా.

నా వరస: 'జోన్', 'డే ఆఫ్ రాత్', 'ఓర్డెట్'. 'జోన్'లో దాదాపు 1,500 షాట్లు, ఒక్కోటి సగటున నాలుగు సెకన్లు కూడా ఉండదు. 1955 నాటి 'ఓర్డెట్' 126 నిమిషాలకి 114 షాట్లే, అంటే సగటున 66 సెకన్లు. మనిషి ఒకడే. మధ్యలో 'డే ఆఫ్ రాత్' చూస్తే ఆ మార్పు ఎలా వచ్చిందో అర్థమవుతుంది. నేరుగా దూకితే 'ఓర్డెట్'ని నాటకం పట్టి తీశారనుకుంటారు. కయ్ ముంక్ రాసిన నాటకమే లెండి, కానీ కెమెరా ఆగదు, మనుషుల వెంట నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. అందులో జోహన్నెస్ అనే పాత్ర చిన్నపిల్లతో మాట్లాడే షాట్లో వాళ్ల వెనక గోడ ఎటునుంచి ఎటు మారుతోందో గమనించమనండి.

వంటగది సీన్లు కూడా చూపించండి. పల్లెటూరి వంటింట్లో ఉండే సామానంతా ముందు పెట్టించి, ఒక్కొక్కటీ తీయిస్తూ చివరికి పది పదిహేను వస్తువులు మిగిల్చాడని కెమెరామన్ హెన్నింగ్ బెండ్ట్‌సెన్ చెప్పాడు. ఖాళీగా కనబడదు, అదే విచిత్రం.

వేసేవాళ్ల పొరపాట్లు రెండు. తెర నిండాలని ఫ్రేముని సాగదీయడం ఒకటి: 'ఓర్డెట్' ఫ్రేము వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లే, పక్కన నల్లపట్టీలు ఉండాల్సిందే. జూమ్ చేస్తే తలలు తెగుతాయి. రెండోది ఇంటర్వెల్. మన అలవాటు కొద్దీ మధ్యలో లైట్లు వేస్తే చివరి సీను పట్టు పోతుంది. టీ ముందే ఇచ్చేయండి.

ప్రొజెక్షన్‌గది:
'జోన్'కి సంగీతం ఏది పెట్టాలని అడగబోతారేమో, ముందే చెప్తున్నా. డ్రెయర్ ఫలానాది అని ఖాయం చేయలేదు. రిచర్డ్ ఐన్‌హార్న్ 1994లో రాసిన 'వాయిసెస్ ఆఫ్ లైట్' బాగుంటుంది, కాకపోతే కొత్తవాళ్లని అదే ఏడిపించేస్తుంది. సంగీతం లేకుండా వెయ్యాలంటే హాల్లో ఫ్యాను చప్పుడు ఎంతో చూసుకోండి. కిర్రుమనే ఫ్యాను ఒక్కటి చాలు, జోన్‌గా చేసిన ఫాల్కనెట్టి మొహం మీది నుంచి చూపులన్నీ పైకప్పుకే పోతాయి.